క్రియాటిన్ కాగితం ఎవరిది?

ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు. శ్రీకాకుళం జిల్లాలోని ఈ ఏడు మండలాలనూ కలిపి ఉద్దానం అంటాం. కొబ్బరి, జీడి, పనస తోటలు, ఆ తోటలు దాటితే సముద్రం. ఇంత పచ్చటి నేల పేరు చెప్పగానే పాతికేళ్ళుగా జనానికి గుర్తొచ్చేది మాత్రం కిడ్నీ జబ్బు. ఇక్కడి పెద్దవాళ్ళలో ఐదుగురికి ఒకరు చొప్పున, ఇంచుమించుగా, కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళున్నారు. వాళ్ళలో చాలామందికి షుగరు లేదు, మొదట్లో బీపీ కూడా లేదు. ఎందుకొస్తోందో ఎవరూ ఖాయంగా తేల్చలేదు. నీళ్ళలోని సిలికా, లోహాలు, పురుగుమందులు, ఎండలో ఒళ్ళు హూనమయ్యే పని, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం అన్నీ అనుమానితుల జాబితాలో ఉన్నాయి. శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలోని వరి రైతులనూ, నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశాల చెరకు కూలీలనూ ఇలాంటి జబ్బే పట్టి పీడిస్తోంది.

కారణం తెలియని జబ్బు గురించి జనానికి ఏం నేర్పాలి? ఎవరు నేర్పాలి? కింద మాట్లాడుకునే ఇద్దరిలో ఒకరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు. రెండోవారు ఆమె మేనమామ, కొబ్బరి రైతు, సోంపేటలో థర్మల్ ప్లాంటుకు ఎదురు నిలిచిన బీల ఉద్యమంలో తిరిగిన మనిషి. వీళ్ళు ఫలానా ఇంటివాళ్ళు కారు. ఉద్దానంలో ఎదురెదురుగా నిలబడ్డ రెండు వాదాలకు నేనిచ్చిన గొంతులు.

డాక్టరమ్మ: మావయ్యా, పొదుపు సంఘాలు ఎలాగూ నెలనెలా కూర్చుంటాయి కదా. ఆ మీటింగులోనే ఒక గంట కిడ్నీ సంగతి మాట్లాడదామనుకుంటున్నాను. ఆశా కార్యకర్తలుంటారు. హైస్కూలు సైన్సు మాస్టార్లు వస్తామన్నారు. మీరు ముందు నిలబడితే ఊరు కదులుతుంది.

మావయ్య: నేను నిలబడను తల్లీ. కోపం తెచ్చుకోకు, ఎందుకో చెబుతాను. ఈ ఊళ్ళో అవగాహన సదస్సులకు లోటేటి? ఫ్లెక్సీ కడతారు, మైకు పెడతారు. నీళ్ళు కాచి తాగండి, ఉప్పు తగ్గించండి, నొప్పి బిళ్ళలు మింగకండి అని చెబుతారు. ఫొటో దిగి వెళ్ళిపోతారు. నిన్నొకటి అడుగుతాను చెప్పు. కాచితే చచ్చేవి క్రిములు. మీరు అనుమానపడే సిలికా, లోహాలు కాచితే పోతాయా?

డాక్టరమ్మ: పోవు.

మావయ్య: మరి ఆ మాట మైకులో ఎందుకు చెప్పినట్టు? మీ అత్త ఏళ్ళ తరబడి పొయ్యి మీద బిందెలు కాచింది. కట్టెలు ఖర్చు, పొగ ఆమె ఊపిరితిత్తుల్లోకి. పాఠం చెప్పినవాడికి తన ఊరి పాఠమే తెలుసు, మా ఊరి జబ్బు తెలీదు.

డాక్టరమ్మ: కాచిన నీళ్ళు విరేచనాలకి, కామెర్లకి మంచివే. కిడ్నీ జబ్బు సదస్సులో చెప్పడం తప్పు, ఒప్పుకుంటాను. అందుకే ఊరివాళ్ళతో కూర్చుని పాఠం తయారు చేద్దామంటున్నాను.

మావయ్య: ఇంకోటి కూడా విను. మా రక్తం ఎన్నిసార్లు తీశారో లెక్క లేదు. విశాఖపట్నం నుంచి వచ్చారు, ఢిల్లీ నుంచి వచ్చారు, విదేశాల వాళ్ళూ వచ్చారు. బావిలో నీళ్ళు సీసాల్లో పట్టుకెళ్ళారు, మట్టి పట్టుకెళ్ళారు, బియ్యం పట్టుకెళ్ళారు. కాగితాల మీద వేలిముద్రలు వేయించుకున్నారు. ఏం తేలిందో మళ్ళీ ఈ రచ్చబండ దగ్గరకొచ్చి చెప్పినవాళ్ళు ఎంతమంది? పేపర్లో చూసి తెలుసుకున్నాం. మా ఒంట్లో ఏముందో మాకు చెప్పకుండా మాకు అవగాహన లేదంటే ఎలా?

ఈ ఫిర్యాదు న్యాయమైనది. పరీక్షకు ఒప్పుకున్న మనిషికి తన ఫలితం తన చేతికి రావడం మర్యాద మాత్రమే కాదు, వైద్య పరిశోధన నీతిలో భాగం. పెద్ద పట్టికలు పత్రికల్లో వస్తాయి, రక్తం ఇచ్చినవాళ్ళు వాటిని చదవలేరు. సర్వే బృందాలు మళ్ళీ వచ్చినప్పుడు తలుపులు వేసుకునే ఇళ్ళున్నాయంటే తప్పు ఆ ఇళ్ళది కాదు.

డాక్టరమ్మ: సరే. మరి పాఠం వద్దంటే ఏం కావాలంటారు?

మావయ్య: నీళ్ళు కావాలన్నాం. హిరమండలం నుంచి వంశధార నీళ్ళు గొట్టాల్లో వచ్చాయి. ఆసుపత్రి కావాలన్నాం. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం కట్టారు. రెండూ 2023 డిసెంబరులో మొదలయ్యాయి. డయాలసిస్ చేయించుకునేవాళ్ళకి నెలకు 10,000 పింఛను 2019 నుంచి వస్తోంది. ఇవన్నీ సదస్సుల వల్ల వచ్చాయంటావా? అడిగితే వచ్చాయి. ధర్నా చేస్తే వచ్చాయి. చేతులు కడుక్కోవడం నేర్చుకుంటే వచ్చినవి కావు.

డాక్టరమ్మ: అడగడానికి మాత్రం తెలియాలి కదా మావయ్యా. ఏ నీళ్ళు అడగాలో, ఏ పరీక్ష అడగాలో తెలిసినవాళ్ళే అడిగారు. ఆరోగ్యం గురించి చదువుకోవడమంటే నేనూ అదే అంటున్నాను. గొట్టంలో మంచి నీళ్ళొచ్చాయి, సంతోషం. కానీ ఆ నీళ్ళతోనే డైక్లోఫెనాక్ అనే నొప్పి బిళ్ళ మింగితే?

మావయ్య: ఎవరు మింగుతున్నారో చూశావా? పలాస జీడి బట్టీల్లో పిక్కలు కొట్టే ఆడవాళ్ళు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒంగుని కూర్చుంటారు. జీడి రసం వేళ్ళ మీద పడి తోలు ఊడుతుంది. నడుం నొప్పికి బిళ్ళ వేసుకోకపోతే మర్నాడు లేవలేరు. లేవకపోతే కూలి లేదు. ఆ మనిషికి బిళ్ళ మింగకు అని పాఠం చెప్పడమంటే జబ్బు నీ తప్పే అని చెప్పడమే. అవగాహన పేరుతో మీరు చేస్తున్నది అదేనమ్మా. బట్టీ యజమానిని ఒక్కరోజైనా సదస్సుకు పిలిచారా?

డాక్టరమ్మ: పిలవలేదు. పిలవాల్సింది.

మావయ్య: నీళ్ళు, నీడ, కాస్త విశ్రాంతి ఇవ్వాల్సింది అతను. బిళ్ళ మింగవద్దని ఆమెకి చెప్పి చేతులు దులుపుకుంటే ఎలా?

డాక్టరమ్మ: ఆ మూడు మాటలూ మీకు ఎవరు చెప్పారో గానీ, ఎల్ సాల్వడార్ చెరకు తోటల్లో సరిగ్గా ఆ పేరుతోనే కార్యక్రమం నడిచింది. నీళ్ళు, విశ్రాంతి, నీడ. కూలీ వీపుకి నీళ్ళ సంచి, ఎత్తుకెళ్ళగలిగే నీడ గుడారం, గంటల లెక్కన విరామం. కొడవలి కూడా మార్చారు, ఒంగి నరకడం తగ్గేలా. అక్కడ పాఠం కూలీకి ఒక్కడికే కాదు, మేస్త్రీకీ యాజమాన్యానికీ చెప్పారు. కాబట్టి మన వాదనలో తేడా నేర్పాలా వద్దా అన్నది కాదు, ఎవరికి నేర్పాలన్నది. ఆ జీడి కార్మికురాలికీ నా దగ్గర ఒక మాట ఉంది, అది నింద కాదు. ఆ బిళ్ళ బదులు పారాసిటమాల్ సరైన మోతాదులో వేసుకుంటే కిడ్నీకి ప్రమాదం బాగా తక్కువ. ధర కూడా తక్కువే. ఆ ఒక్క సంగతి తెలియక ఎంతమంది ఏళ్ళ తరబడి డైక్లోఫెనాక్ మింగారో! ఇది చెప్పకపోవడం కూడా అన్యాయమే కదా?

మావయ్య: అది చెప్పు. మెడికల్ షాపులో కుర్రాడికి ముందు చెప్పు. చీటీ లేకుండా చేతిలో పెడుతున్నది వాడు.

డాక్టరమ్మ: వాడూ వస్తాడు మీటింగుకి.

మావయ్య: చూద్దాం. అసలు ప్రశ్నకు రా. జబ్బు ఎందుకొస్తోందో మీకే తెలీదు. తెలీనివాళ్ళు ఏం పాఠం చెబుతారు?

డాక్టరమ్మ: తెలియదన్నదే మొదటి పాఠం. ఇంతవరకు దాచిపెట్టింది అదే. మైకు పట్టుకున్నవాళ్ళు తెలిసినట్టు మాట్లాడారు. ఒకరు నీళ్ళన్నారు, ఒకరు పురుగుమందన్నారు, ఇంకొకరు మీ తిండి అన్నారు. జనం అన్నీ విని దేన్నీ నమ్మడం మానేశారు. ఏది ఖాయం, ఏది అనుమానం, ఏది వట్టి పుకారు అని మూడు గీతలు గీసి చెబితే మనుషులు అర్థం చేసుకోలేరా?

మావయ్య: తెలియదని మీరంటే ఆ ఖాళీలో పుకారు కూర్చుంటుంది. కిడ్నీ ఊరని మా ఊళ్ళకి పిల్లనివ్వడానికి వెనకాడుతున్నారు, ఎరుగుదువు కదా. డాక్టర్లకే తెలీదట అన్న మాట పక్క మండలానికి పాకితే ఇంకేమైనా ఉందా?

డాక్టరమ్మ: పుకారు ఇప్పటికే కూర్చుంది కదా. అంటుజబ్బు కాదన్నది ఖాయం. ఆ ఖాయమైన మాట సంబంధాలు కుదిర్చే పెద్దలకి ఎవరు చెప్పారు? నేను మైకులో చెబితే ప్రభుత్వ డాక్టరు మాటవుతుంది. వాళ్ళింటి ఆడపడుచు చెబితే నమ్ముతారు. ఊరు కలిసి రావాలని నేను మీ గుమ్మం పట్టుకుని వేలాడేది అందుకే.

మావయ్య: ఒక కాగితం చూపిస్తాను, చదువు. పక్కింటి ముసలామెది. అరవై ఏళ్ళుంటాయి. లేబులో ఇచ్చారు. క్రియాటిన్ 1.3. పర్వాలేదు, అంచున ఉందన్నారట. ఆమె కొడుక్కీ 1.3 వచ్చింది, పాతికేళ్ళ కుర్రాడు. ఇద్దరికీ ఒకటే అంకె కదాని ఇద్దరూ ధైర్యంగా ఉన్నారు.

డాక్టరమ్మ: ఇదిగో, ఇక్కడే ఉంది అసలు విషయం. క్రియాటిన్ కండ నుంచి పుడుతుంది, కిడ్నీ దాన్ని వడపోస్తుంది. కండ ఉన్నవాడికి ఎక్కువ, ముసలివాళ్ళకీ సన్నగా ఉండే ఆడవాళ్ళకీ తక్కువ. అంకె ఒకటే అయినా కిడ్నీ వడపోత ఒకటి కాదు. వయసు, ఆడా మగా చూసి లెక్కకట్టాలి. ఆ లెక్క ప్రకారం పాతికేళ్ళ కుర్రాడికి 1.3 అంటే వడపోత సుమారు 78. అరవై ఏళ్ళ ఆమెకి అదే 1.3 అంటే సుమారు 47. వడపోత అరవై కంటే తగ్గి మూడు నెలలు దాటినా అలాగే ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు కిందే లెక్క. కొడుకు మళ్ళీ చూపించుకుంటూ ఉంటే చాలు. ఆమెకి ఇప్పటికే జబ్బు ఉండవచ్చు. మూడు నెలల తర్వాత తప్పకుండా మళ్ళీ పరీక్ష చేయాలి.

మావయ్య: ఆమెకి ఒంట్లో ఏమీ లేదే. వాపు లేదు, నొప్పి లేదు.

డాక్టరమ్మ: సగం వడపోత పోయేదాకా క్రియాటిన్ మామూలు అంకెల్లోనే ఉండగలదు మావయ్యా. ఉద్దానంలో కనిపించే జబ్బులో మొదట్లో వాపు రాదు, మూత్రంలో ప్రొటీను పెద్దగా పోదు, బీపీ పెరగదు. ఏమీ లేకపోవడమే దీని గుణం. అందుకే కాగితం చదవడం రావాలి అంటున్నాను. ప్రతి మనిషీ లెక్క కట్టక్కర్లేదు. నా వయసుకి వడపోత ఎంత అని లేబు వాళ్ళని అడగడం వస్తే చాలు. ఆ రెండో అంకె కూడా కాగితం మీద వేయమని ఊరంతా ఒక్క మాట మీద అడిగితే వెయ్యక ఏం చేస్తారు?

మావయ్య కాసేపు ఆ కాగితాన్నే చూశాడు. ఈ వాదనలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది ఈ చోటే. క్రియాటిన్ అన్న మాట ఉద్దానంలో ఎనిమిదో తరగతి పిల్లవాడి నోట కూడా వినిపిస్తుంది. మాట వచ్చింది, దాన్ని చదివే పద్ధతి రాలేదు. ఆ లోటు తీర్చగలిగేది మైకు కాదు, పక్కన కూర్చుని కాగితం మీద వేలు పెట్టి చూపించే మనిషి.

డాక్టరమ్మ: ఇంకొకటి చెబుతాను, మీ తోటదే. కొబ్బరి నీళ్ళు.

మావయ్య: కొబ్బరి నీళ్ళకేమైంది? ఎండలో పనిచేసినవాడికి అంతకంటే మంచిది లేదు.

డాక్టరమ్మ: కిడ్నీ బాగున్నవాడికి నిజమే. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాడికి అదే బొండం ప్రాణం మీదకి తెస్తుంది. అందులో పొటాషియం ఎక్కువ. పాడైన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు, రక్తంలో పేరుకుని గుండె ఆగిపోవచ్చు. నీళ్ళ సంగతీ అంతే. తోటలో పనిచేసే కొడుక్కి బాగా నీళ్ళు తాగమని చెప్పాలి. డయాలసిస్ మీదున్న తండ్రికి కొలిచి తాగమని చెప్పాలి. ఒకే ఇల్లు, ఒకే కుండ, రెండు పాఠాలు. గోడ మీద ఒక నినాదం రాస్తే ఒకరికి మందు, ఇంకొకరికి విషం. ఇంటింటికీ వెళ్ళి ఎవరికి ఏది అని చెప్పగలిగేది ఊళ్ళోవాళ్ళే. నాకు ముప్పై వేలమంది జనాభా, ఓపీలో ఒక్కొక్కరికి దొరికేది రెండు నిమిషాలు.

మావయ్య: అంటే ఆశా అమ్మాయి నెత్తిన వేస్తావు. ఆ పిల్ల చేతిలో ఇప్పటికే ఎన్ని రిజిస్టర్లున్నాయో చూశావా? గర్భిణుల లెక్క, టీకాల లెక్క, క్షయ మందులు, ఫోనులో యాప్‌లు. వెయ్యిమందికి ఒకతె. ఇప్పుడు పొటాషియం పాఠం కూడానా?

డాక్టరమ్మ: ఆమె ఒక్కతే చేస్తే చెడుతుంది, నిజమే. బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ చేసింది చూడండి. 1980 నుంచి పదేళ్ళపాటు ఇంటింటికీ ఆడవాళ్ళని పంపి, విరేచనాలు పట్టుకున్న పిల్లలకి ఇంట్లోనే ద్రావణం కలపడం నేర్పారు. మూడువేళ్ళ చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం, అర సేరు నీళ్ళు. కోటీ ఇరవై లక్షల ఇళ్ళకి పైగా తిరిగారు. ఎన్ని ఇళ్ళు తిరిగారన్న లెక్క మీద జీతం ఇవ్వలేదు. నెల తర్వాత వేరే మనుషులు వెళ్ళి, ఆ తల్లికి ఎంత గుర్తుందో, ఆమె కలిపిన ద్రావణం సరిగ్గా ఉందో లేదో చూసేవాళ్ళు. తల్లికి వచ్చిన మార్కులను బట్టి నేర్పినామెకి డబ్బు.

మావయ్య: అది బాగుంది.

డాక్టరమ్మ: ఇంకా బాగున్న సంగతి వినండి. తల్లులకి బాగానే గుర్తుంది, కానీ పిల్లాడికి జబ్బు చేసినప్పుడు వాడడం లేదు. ఎందుకా అని వెతికితే, నేర్పే కార్యకర్తల్లోనే చాలామంది తమకి విరేచనాలైతే ఆ ద్రావణం తాగడం లేదని తేలింది. వాళ్ళకే నమ్మకం లేదు. వాళ్ళని తీసుకెళ్ళి అది ఎలా పనిచేస్తుందో చూపించారు. ఆ తర్వాత నుంచి తల్లుల ముందు తామే తాగి చూపించమన్నారు. మగవాళ్ళని వదిలేయడం పొరపాటని గ్రహించి మసీదుల దగ్గరా సంతల్లోనూ వాళ్ళతోనూ మాట్లాడారు. ఊరితో కలిసి పనిచేయడమంటే ఊరు ఎక్కడ నమ్మలేదో అక్కడ ఆగి వినడం కదా.

మావయ్య: బాగానే ఉంది గానీ, ఆ కథ మనకి అతకదు. వాళ్ళది ఒక్క పాఠం. ఉప్పు, బెల్లం, నీళ్ళు. ఫలితం ఆ పూటే కనిపిస్తుంది. కళ్ళు లోతుకుపోయిన బిడ్డ సాయంత్రానికి లేచి ఆడతాడు. తల్లి నమ్ముతుంది. నువ్వు చెప్పేది ఇవాళ బిళ్ళ మానితే పదేళ్ళ తర్వాత కిడ్నీ బాగుండవచ్చు అని. ఉండవచ్చు! ఆ మాట మీద ఏ కూలిమనిషి నడుం నొప్పి భరిస్తుంది?

డాక్టరమ్మ: ఇది నిజమైన తేడా. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. అయితే ఒకటి. పాఠం అప్పజెప్పకుండా కూడా పని జరిగిన చోటుంది. మనకి మరీ దూరం కాదు, ఒడిశాలో కెందుఝర్, ఝార్ఖండ్‌లో పశ్చిమ సింగ్‌భూమ్, సరాయ్‌కేలా. ఏక్‌జుట్ అనే సంస్థ ఆడవాళ్ళ సంఘాలతో నెలనెలా మీటింగులు పెట్టింది. బొమ్మల కార్డులు, కథలు, ఆటలు. పుట్టిన బిడ్డలు ఎందుకు చనిపోతున్నారో వాళ్ళనే చెప్పమన్నారు. ఏ సమస్య ముందు పట్టుకోవాలో వాళ్ళే ఎంచుకున్నారు. ఏం చేయాలో వాళ్ళే తేల్చుకున్నారు. ఆఖరి రెండేళ్ళలో ఆ మీటింగులు జరిగిన చోట్ల నవజాత శిశువుల మరణాలు, జరగని చోట్ల కంటే 45 శాతం తక్కువ. 2010లో లాన్సెట్‌లో వచ్చింది. చదువు రాని ఆదివాసీ తల్లులు వాళ్ళలో చాలామంది.

మావయ్య: వాళ్ళే ఎంచుకున్నారు అన్నావు చూడు, ఆ మాట పట్టుకో. మన దగ్గర ఎవరు ఎంచుకుంటున్నారు? పై నుంచి వచ్చిన అంశాల జాబితా, తారీఖు, హాజరు సంతకం. అది భాగస్వామ్యమంటే ఎలాగమ్మా?

డాక్టరమ్మ: బీల గురించి మీరే చెప్పాలి మావయ్యా. ఆ రోజుల్లో ఎవరు పాఠం చెప్పారు మీకు?

మావయ్య: ఎవరూ చెప్పలేదు. అవసరం చెప్పింది. థర్మల్ ప్లాంటు వస్తుందన్నారు. కాగితాల్లో మా బీలని పనికిరాని భూమి అని రాశారు. ఎకరాలకి ఎకరాలు నీళ్ళు నిలిచి, చేపలకీ వరికీ బతుకునిచ్చే చిత్తడి నేల అది. అప్పుడు పర్యావరణ నివేదిక తెచ్చి, చదివినవాళ్ళ చేత చదివించుకుని, ఒక్కొక్క పేజీ ఊరూరా చెప్పుకున్నాం. ఇంగ్లీషు రాని ముసలాళ్ళు కూడా ఏ పేజీలో ఏ అబద్ధం ఉందో చెప్పేవారు. 2010 జూలై 14న కాల్పులు జరిగాయి, మనుషులు పోయారు. అదే రోజు ఢిల్లీలో అనుమతి రద్దయింది.

డాక్టరమ్మ: పర్యావరణ నివేదిక చదువుకున్న ఊరికి క్రియాటిన్ కాగితం చదువుకోవడం కష్టమా?

మావయ్య: కష్టం కాదు. కానీ తేడా చూడు. అప్పుడు మేము భాగస్వాములం కాదు, ఎదిరించినవాళ్ళం. కాదని చెప్పే హక్కు మా చేతిలో ఉందని నమ్మాం కాబట్టి నేర్చుకున్నాం. నువ్వు భాగస్వామి అంటున్నావు. కాదు అనడానికి వీల్లేని భాగస్వామి ఏం భాగస్వామి? నేను మీటింగులో లేచి ఈ ఆసుపత్రిలో డాక్టరు మధ్యాహ్నం తర్వాత ఉండటం లేదంటే, డయాలసిస్ మెషీను పాడైందంటే, అది రాసుకుంటావా? పై అధికారికి పంపుతావా?

ఇక్కడ నేను మావయ్య పక్షం. ఊరిని కలుపుకోవడం గురించి మాట్లాడే ప్రతివాళ్ళూ ఈ ప్రశ్నకు జవాబు చెప్పి తీరాలి.

డాక్టరమ్మ: నికరాగువాలో చిచిగల్పా అని ఒక ఊరుంది. ఇలాంటి జబ్బుతోనే భర్తలు పోయిన ఆడవాళ్ళు ఎక్కువై, అక్కడొక వాడకి విధవల దీవి అని పేరొచ్చింది. చెరకు కంపెనీకి ప్రపంచబ్యాంకు బృందం అప్పిచ్చింది. రోగుల సంఘం 2008లో ఆ బ్యాంకు ఫిర్యాదుల విభాగానికే వెళ్ళింది. చర్చలయ్యాక, జబ్బు మీద పరిశోధన ఎవరు చెయ్యాలన్నది కంపెనీ ఒక్కటే తేల్చలేదు. రోగుల సంఘం, కంపెనీ ఇద్దరూ ఒప్పుకున్న శాస్త్రవేత్తలనే పెట్టారు. బోస్టన్ విశ్వవిద్యాలయం వాళ్ళు. ఫలితాలు ఇద్దరికీ చెప్పారు. మీరడిగే కాదనే హక్కు అలాంటిదే అనుకుంటాను. అది నేను ఇవ్వగలిగిన మేరకు ఇస్తాను. నా ఆరోగ్య కేంద్రం మీద ఫిర్యాదు వస్తే మీటింగు పుస్తకంలో రాస్తాను. జిల్లాకి పంపుతాను.

మావయ్య: సరే, ఇంకొక చిక్కు ఉంది. క్రియాటిన్ 5 దాటితేనే పింఛను అన్న లెక్క ఊరందరికీ తెలుసు. 1.8 వచ్చినవాడికి ఏమొస్తుంది? భయం ఒక్కటే. అందుకే ముందుగా పరీక్షకి రారు. నువ్వెంత నేర్పినా రారు.

డాక్టరమ్మ: 5 దాటేసరికి నేను చేయగలిగింది చాలా తక్కువ మావయ్యా. 1.8 దగ్గర చేయగలిగింది ఉంది. నొప్పి బిళ్ళలు ఆపడం, బీపీ ఉంటే అదుపులో పెట్టడం, షుగరు ఉంటే చూసుకోవడం, ఎండలో పని వేళలు మార్చుకోవడం. జబ్బు పోతుందనను. నెమ్మదిస్తుంది. కొందరికి ఏళ్ళు కలిసొస్తాయి.

మావయ్య: నెమ్మదిస్తుంది అనే చెప్పు. పోతుందని ఒక్కసారి కూడా అనకు. ఆ మాట అన్నవాళ్ళని నమ్మి, పసరు మందులకి తోటలు అమ్ముకున్నవాళ్ళున్నారు.

డాక్టరమ్మ: అనను. మరి వస్తారా?

మావయ్య: మూడు షరతులు. ఒకటి, మొదటి మీటింగులో పాఠం ఉండకూడదు. ఇంతవరకు తీసిన రక్తాల ఫలితాలు ఎవరివి వాళ్ళకి ఇవ్వాలి. రెండు, బట్టీ యజమానులు, మెడికల్ షాపులవాళ్ళు సంఘం ఆడవాళ్ళ ముందు కూర్చోవాలి. మూడు, మన ఆర్‌ఎంపీని కూడా పిలవాలి.

డాక్టరమ్మ: మూడోది కుదరదు. చదువు లేకుండా సూదులు వేసే మనిషి అతను. నొప్పి ఇంజక్షన్లు ఎక్కువ వేసేది వాళ్ళే. ప్రభుత్వ మీటింగులో నా పక్కన కుర్చీ వేస్తే నేనే ముద్ర వేసినట్టవుతుంది.

మావయ్య: అర్ధరాత్రి జ్వరమొస్తే సైకిలేసుకుని వచ్చేది అతనే. నీ ఆరోగ్య కేంద్రానికి తాళం ఉంటుంది. ఊరు అతని మాట వింటుంది. అతని చేతిలో డైక్లోఫెనాక్ సూది ఆగకపోతే నీ పాఠమంతా నీళ్ళపాలు. కుర్చీ నీ పక్కన వద్దు, మా పక్కన వేస్తాం.

డాక్టరమ్మ: ఆలోచిస్తాను. ఇప్పుడు అవునని చెప్పలేను. మొదటి షరతు సంగతి, నా కేంద్రంలో తీసిన ఫలితాలు తెస్తాను. ఒక్కొక్కరికి విడిగా ఇస్తాను, అందరి ముందూ చదవను. బయటి సంస్థలు తీసుకెళ్ళినవి నా దగ్గర లేవు.

మావయ్య: అవి మా దగ్గరా లేవు. అడుగుదాం. ఏ సంస్థ, ఏ సంవత్సరం, ఏ వీధిలో తీసింది అని ఊరివాళ్ళకి గుర్తున్నంత వరకు రాయించి, అందరికీ ఉత్తరాలు పెడదాం. సంతకాలు నేను చేయిస్తాను. కింద నీ సంతకం కూడా కావాలి.

డాక్టరమ్మ: ప్రభుత్వోద్యోగిని మావయ్యా.

మావయ్య: ఎరుగుదును. అందుకే అడుగుతున్నాను.

డాక్టరమ్మ: ముందు ఉత్తరం రాయించండి. తెలుగులోనూ, ఇచ్ఛాపురం వైపు వాళ్ళ కోసం ఒడియాలోనూ. చదివి చెబుతాను.